మా ఊరి బొమ్మలాట రాత్రులు

మొన్న హైదరాబాదులో మా పెద్దమ్మ మనవరాలి గృహప్రవేశానికి వెళ్ళాను. భోజనాలయ్యాక అందరం హాల్లో కూర్చున్నాం. మూలన ఒక పొడవాటి లైటు, దానికి తోలుతో చేసిన ల్యాంప్‌షేడ్. దాని మీద సీతమ్మ, అటూ ఇటూ చిలకలు. పొద్దున్నుంచీ వెలుగుతూనే ఉన్నట్టుంది, తోలు వేడెక్కి సన్నగా వాసన వస్తోంది. చుట్టూ ఉన్నవాళ్ళెవరూ పట్టించుకోలేదు. నాకు మాత్రం ఆ వాసన తగలగానే ఊరి ఆంజనేయస్వామి గుడి ముందు బయలు, పెట్రోమాక్స్ లైటు బుస్సుమనే చప్పుడు, మా జేజి (అవ్వ) దుప్పటి అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. పక్కనున్న వదిన ఏదో అడుగుతోంది. జవాబు చెప్పడానికి గొంతు పెగల్లేదు.

మాది ధర్మవరం దగ్గర ఒక చిన్న పల్లె. అప్పుడు అనంతపురం జిల్లా. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. చెనక్కాయ, కొర్ర, జొన్న వేసుకుని మబ్బుల వైపు చూస్తూ బతికే ఊరు. చదువుకున్నవాళ్ళు బాగా తక్కువ. మా జేజి వేలిముద్రే వేసేది. కానీ ఆ ఊళ్ళో పద్యం తెలియని ఇల్లు లేదు. వేమన సమాధి ఉన్న కటారుపల్లి మాకు మరీ దూరం కాదు, కదిరి వైపు. గొర్రెలు తోలుకుపోయేవాళ్ళు కూడా వేమన్న పద్యం ఒకటి ఎత్తుకోకుండా మాట ముగించేవాళ్ళు కాదు. శనివారం రాత్రి గుడి దగ్గర చెక్కభజన. కలుపు తీసే ఆడవాళ్ళ దగ్గర రామాయణం పాటలు. ఇవన్నీ ఉన్నా, ఏడాదంతా మేం ఎదురుచూసింది మాత్రం తోలుబొమ్మలాట కోసమే.

చెనక్కాయ కొట్టడం అయిపోయి, చేలల్లో పని తగ్గి, రాత్రులు ఇంకా చలిచలిగా ఉండే రోజుల్లో వాళ్ళు వచ్చేవాళ్ళు. ముందు ఎద్దుల మెడలో గంటలు వినిపించేవి. బండి మీద పెద్ద వెదురు పెట్టె, దాని పక్కన పిల్లలు, వెనక కోళ్ళ గంప, బండికి కట్టిన మేక. "బొమ్మలాటోళ్ళొచ్చినారో!" అని పిల్లలం ఊరంతా ఒక చుట్టు పరుగెత్తేవాళ్ళం. వాళ్ళు బడి పక్కనున్న చింతతోపులో దిగేవాళ్ళు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట చుట్టుపక్కల ఈ కళ మీదే బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. మా ఊరికి వచ్చే మేళం వాళ్ళ బంధువులదే.

వాళ్ళు తమలో తాము మరాఠీ మాట్లాడుకునేవాళ్ళు. మా చెవులకు అది వింతగా ఉండేది. పొయ్యి దగ్గర కూర్చుని మరాఠీలో పిల్లల్ని గదమాయించే ఆమే, రాత్రయ్యేసరికి తెర వెనక నిలబడి గంటల తరబడి తెలుగు ద్విపద, అంటే రెండేసి పాదాల పద్యాలు, పాడేది. మా ఊళ్ళో ఎవరి నోటా రానంత తెలుగు ఆమె నోట వచ్చేది. ఆ తల్లిని తలుచుకుంటే నాకిప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

సాయంత్రం రచ్చకట్ట మీద బేరం. ఎన్ని రాత్రులు, ఏ కథ, ఇంటికి ఎన్ని శేర్ల జొన్నలు. బేరం డబ్బు మీద కంటే కథ మీదే ఎక్కువసేపు నడిచేది.

"లంకాదహనం పోయినేడు చూస్తిమి కదప్పా, ఈ తూరి పద్మవ్యూహం ఆడించు."

"పద్మవ్యూహం వద్దు సామీ, మా ఇంట్లో ఆడోళ్ళు రెండు దినాలు అన్నం ముట్టరు, అభిమన్యుణ్ణి తల్చుకోని."

చివరకు ఒక రాత్రి రామాయణం, ఒక రాత్రి భారతం అని తేలేది. మేళం పెద్దాయన తలకు చుట్టుకున్న టవలు తీసి భుజాన వేసుకుని, అందరికీ దండం పెట్టి లేచేవాడు.

తెర కట్టడం చూడ్డానికి మేం మధ్యాహ్నం నుంచే అక్కడుండేవాళ్ళం. రెండు గుంజలు పాతి, చాకలి ఇంటి నుంచి తెచ్చిన ఉతికిన తెల్ల పంచెలు బిగించి కట్టేవాళ్ళు. ముడత ఒక్కటి కూడా ఉండకూడదు. తెర కొంచెం ముందుకు వాలి ఉండేది, బొమ్మ దానికి అంటుకుని నిలబడాలి కాబట్టి. కింద నేల మీద చెక్కపలకలు పరిచేవాళ్ళు. అవెందుకో రాత్రి యుద్ధం వచ్చేదాకా తెలిసేది కాదు. గుర్రాలు పరుగెత్తినా, రథాలు కదిలినా, భీముడు గద ఎత్తినా ఆ పలకల మీద కాళ్ళతో తొక్కేవాళ్ళు. కూర్చున్న చోట మా కింద నేల అదిరేది. కాళ్ళకు కట్టుకున్న గజ్జెలు, మద్దెల, తాళాలు, హార్మోనియం. ఇంతే వాద్యం. అయిదారుగురు మనుషులు కలిసి కురుక్షేత్రం మొత్తం మోగించేవాళ్ళు.

పెద్ద దీపం వెలిగే ముందు ఒక చిన్న నిశ్శబ్దం ఉండేది. గోనెసంచులు, చాపలు, దుప్పట్లు పరుచుకుని ఊరంతా కూర్చుని ఉండేది. పిల్లలం ముందు వరుస కోసం పొద్దుండగానే రాళ్ళు పెట్టుకునేవాళ్ళం. కొంగులో బొరుగులు, వేయించిన చెనక్కాయలు. దీపం వెలగ్గానే తెర మీదికి వినాయకుడు, ఆ వెనకే సరస్వతి. ప్రార్థన అయిపోయేదాకా మా జేజి దండం పెట్టిన చేతులు దించేది కాదు.

బొమ్మలు మనిషి ఎత్తుకు దగ్గరగా ఉండేవి. రావణాసురుడు తెర మొత్తం ఆక్రమించేవాడు. ఒక తోలు అతనికి చాలదు, కొన్ని తోళ్ళు కలిపి కుట్టాల్సిందే. ఆట లేనప్పుడు బొమ్మలను ఈతముళ్ళతో తెరకు గుచ్చి నిలబెట్టేవాళ్ళు. సభలో ఉన్న రాజులంతా అలాగే కదలకుండా నిలబడి ఉంటే, మాట్లాడేవాడి చెయ్యి మాత్రం కదిలేది. ఎవరు మాట్లాడుతున్నారో చిన్నపిల్లలకు కూడా తెలిసిపోయేది.

రాముడు రాకముందు కేతిగాడు రావాలి, బంగారక్క రావాలి. జుట్టుపోలిగాడూ రావాలి. ఆటలో జనాన్ని నవ్వించే బొమ్మలు వీళ్ళే. వాళ్ళు మాట్లాడే మాటలు ఇక్కడ రాయలేను. మా అమ్మ, అత్తలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయి నవ్వేవాళ్ళు. మగవాళ్ళు నవ్వుతూనే పక్కకు చూసేవాళ్ళు. పిల్లలకు అర్థం కాకపోయినా పెద్దవాళ్ళు నవ్వుతున్నారని మేమూ నవ్వేవాళ్ళం.

కేతిగాడి మాటల్లో మా ఊరు కూడా ఉండేది. మేళం పెద్దాయన మధ్యాహ్నం టీ బంకు దగ్గర కూర్చుని, ఏమీ ఎరగనట్టు ఊరి సంగతులన్నీ అడిగేవాడు. ఎవరి గట్టు ఎవరు జరిపారు, ఎవరి కోడలు పుట్టింటికి పోయింది, చౌక డిపోలో చక్కెర ఎందుకు తక్కువ తూగింది. రాత్రి అవన్నీ కేతిగాడి నోట్లోంచి వచ్చేవి. ఒకసారి మా ఊళ్ళో బాగా ఉన్న ఒకాయన జొన్నలు ఇవ్వడానికి సతాయించాడు. ఆ రాత్రి బంగారక్క, "ఏమయ్యా, ఆ పెద్ద మిద్దె ఇంటికాడ ఏమిచ్చిరి?" అని అడిగింది. "తలుపిచ్చిరి, మూసి!" అన్నాడు కేతిగాడు. బయలంతా గొల్లుమంది. పొద్దున్నే ఆ ఇంటి జీతగాడు ఒక మూట జొన్నలు తెచ్చి చింతతోపులో దించిపోయాడు. పేదవాడు పెద్దవాణ్ణి ఎదురుగా అనలేని మాట బొమ్మ అనగలిగేది. ఆ ధైర్యాన్ని ఊరు ఏటా జొన్నలు పోసి మరీ తెచ్చుకునేది. నాకు అది చాలా గొప్ప విషయంగా కనిపిస్తుంది.

ఒక రాత్రి నిద్రలోంచి లేచి, జేజి పక్కన లేకపోతే వెతుక్కుంటూ తెర వెనక్కి వెళ్ళిపోయాను. ముందు వైపు నుంచి చూస్తే అశోకవనం, సీతమ్మ. వెనక వైపు మేళం వాళ్ళ కోడలు, చంకలో పాలు తాగే బిడ్డ. బిడ్డను ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో సీతమ్మ బొమ్మ వెనకున్న బద్దను పట్టుకుని పాడుతోంది. సీతమ్మ చెయ్యి కదలాల్సి వస్తే పక్కనున్న ముసలావిడ పుల్ల అందుకుని కదిలిస్తోంది. పాట మధ్యలో బిడ్డ ఏడ్చాడు. ఆమె పాట ఆపకుండానే బిడ్డను కాలితో ఊపే గుడ్డ ఉయ్యాలలో వేసింది. ముందు కూర్చున్నవాళ్ళలో చాలామంది కళ్ళు తుడుచుకుంటున్నారు, సీతమ్మ కోసం. నేను వెనక నిలబడి ఆమె కోసం ఏడ్చాను. ఎందుకో చెప్పేంత వయసు లేదు.

వెతుక్కుంటూ వచ్చిన జేజి నన్ను ఎత్తుకుంది.

"జేజీ, సీతమ్మ ఏడుస్తాంది."

"ఏడవనీలే పాపా. తెల్లారేకల్లా రాముడొస్తాడు."

నిజంగానే తెల్లవారేవేళకు పట్టాభిషేకం అయ్యేది. కోడి కూసేది. హారతి పళ్ళెం జనంలోకి వచ్చేది. ఎర్రబడిన కళ్ళతో అందరూ ఇళ్ళకు పోయి, పేడనీళ్ళు చల్లి, ముగ్గు వేసి, చేలకు పోయేవాళ్ళు.

జేజికి రామాయణం మొత్తం చెవుల ద్వారానే వచ్చింది. సంగటి కెలుకుతూ, చెనక్కాయలు ఒలుస్తూ పాడుకునేది. మా వీధిలో ఇద్దరు అన్నదమ్ములు బావి వాటా కోసం కొట్లాడుకుని, కట్టెలు కూడా ఎత్తారు. జేజి వాళ్ళ ఇంటి ముందుకు పోయి, ఎవరినీ ఏమీ అనకుండా, భరతుడు అన్న పాదుకలు నెత్తిన పెట్టుకున్న చోటు రెండు పాదాలు పాడింది. పెద్దవాడు కట్టె కింద పడేసి లోపలికి వెళ్ళిపోయాడు. వాటా పంచాయితీ తరువాత ఎన్నాళ్ళో నడిచింది. ఆ రోజు మాత్రం రక్తం కారకుండా ఆగింది.

తొమ్మిదో తరగతిలో తెలుగు సార్ ఛందస్సు చెబుతూ ద్విపద దగ్గరికి వచ్చారు. రెండు పాదాలు, పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం అని బోర్డు మీద రాసి, ఉదాహరణ చదివారు. నా చెయ్యి దానంతటది బెంచి మీద తాళం వేసింది.

"ఏందమ్మా, తాళం వేస్తాండావు?"

"బొమ్మలాటలో ఇట్లే పాడతారు సార్."

సార్ నన్ను నిలబెట్టి పాడించారు. క్లాసులో ఇంకా నలుగురైదుగురు గొంతు కలిపారు. ఆయన ముఖంలో ఆ రోజు కనిపించిన సంతోషం నేను మరిచిపోలేను. మీరు పాడింది రంగనాథ రామాయణం, గోన బుద్ధారెడ్డి రాసింది, పదమూడో శతాబ్దం నాటిది అని చెప్పారు. ఆ ఆదివారం పుస్తకం పట్టుకుని సైకిలు మీద మా ఇంటికి వచ్చారు. ఆయన ఒక పాదం చదివితే జేజి రెండో పాదం అందుకునేది. కొన్నిచోట్ల పుస్తకంలో ఒకటి, జేజి నోట్లో ఒకటి. మేళం వాళ్ళు తరతరాలుగా పాడుతూ మాటలు మార్చుకున్నారు, కొత్త పాదాలు కలుపుకున్నారు. సార్ అవన్నీ నోటుబుక్కులో రాసుకున్నారు. జేజి ఆయనకు మజ్జిగ ఇచ్చి, "ఇదంతా రాసిపెట్టినారా నాయనా, ఎవురో మహానుభావుడు!" అని పుస్తకాన్ని కళ్ళకద్దుకుంది. అందులో ఒక్క అక్షరం కూడా చదవలేని మనిషి ఆమె. అందులో ఉన్నదంతా ఆమెకు వచ్చు.

వానలు ఎగ్గొట్టిన ఏడు మేళాన్ని ఊరే పిలిపించేది. విరాటపర్వం చదివితే వాన పడుతుందని మన పెద్దల నమ్మకం కదా. మా ఊళ్ళో చదివేవాళ్ళు లేరు కాబట్టి బొమ్మలతో ఆడించేవాళ్ళు. అలాంటి ఒక ఏడు బాగా గుర్తుంది. చెనక్కాయ మొక్క అరచేతి ఎత్తున వాడిపోయింది. ఇవ్వడానికి ఇళ్ళలో గింజల్లేవు. అయినా ప్రతి ఇంటి నుంచీ ఏదో ఒకటి వచ్చింది. ఒకరు నాలుగు కొబ్బరి చిప్పలు, ఒకరు కోడిపెట్ట, మా అమ్మ ఒక పాత చీర. ఉత్తరుడు భయపడి రథం దిగి పరుగెత్తే చోట ఎప్పుడూ పడీపడీ నవ్వేవాళ్ళు. ఆ ఏడు నవ్వు తక్కువగా వచ్చింది. గోగ్రహణంలో ఆవులు ఒకదాని వెనక ఒకటి తెర మీద పోతుంటే, అప్పటికే పశువులను సంతకు తోలేసిన మా పక్కింటి మామ తల వంచుకుని కూర్చున్నాడు. మేళం పెద్దాయన పొద్దున పోతూ పోతూ ఆ కోడిపెట్టను తిరిగి ఇచ్చేశాడు. "వాన పడినాక ఇస్తురులే" అన్నాడు.

నాన్న ఒకసారి నన్ను నిమ్మలకుంట తీసుకుపోయాడు. బొమ్మ పుట్టే చోటు చూశాను. మేకతోలును గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, ఎండలో బిగించి ఆరబెడతారు. వెలుగు దూరేంత పల్చగా అయ్యేదాకా గీకుతూనే ఉంటారు. దాని మీద గీత గీసి, చిన్న ఉలులతో సుత్తి దెబ్బ మీద దెబ్బ వేసి చిల్లులు పొడుస్తారు. హారం, వడ్డాణం, కిరీటం, చీర అంచు అన్నీ ఆ చిల్లులే. దీపం వెనక నుంచి పడితే అవే నగలై మెరుస్తాయి. రంగు రెండు వైపులా వెయ్యాలి. పూర్వం చెట్ల బెరళ్ళు, ఆకులు, దీపం మసి నుంచి రంగులు చేసుకునేవాళ్ళట. దేవతల బొమ్మలకు జింకతోలు వాడేవాళ్ళట కూడా. ఒక్క రాముడికే అడవికి ఒక బొమ్మ, యుద్ధానికి ఒకటి, పట్టాభిషేకానికి ఒకటి. ఒక ముసలాయన కన్ను గీస్తున్నాడు. అంతా అయిపోయాక చివర్లో గీసేది కన్నే అని చెప్పాడు. ఊపిరి బిగబట్టి చూశాను.

ఆ తరువాత బడి తరఫున లేపాక్షి వెళ్ళాం. వీరభద్రస్వామి గుడి పైకప్పు కింద నిలబడి తల ఎత్తగానే నేనూ నా స్నేహితురాలూ ఒకేసారి అరిచాం, "బొమ్మలాట!" అని. ఆ పొడుగాటి కళ్ళు, పక్కకు తిరిగిన ముఖాలు, చీరల మీద ఆ పూలు, ఆ గళ్ళు. అర్జునుడూ శివుడూ పంది కోసం తగువులాడే కథ అక్కడ వరసగా రంగుల్లో ఉంది. ఆ గుడి కట్టించిన విరూపణ్ణ కాలంలో, పదహారో శతాబ్దంలో వేసిన బొమ్మలవి. రాజుల డబ్బుతో గుడి పైకప్పుకు ఎక్కిన బొమ్మ, మా ఊరికి ఎద్దులబండిలో వచ్చిన బొమ్మ ఒకే వంశానివని నా నమ్మకం. ధర్మవరం మగ్గాల మీద నేసే పట్టుచీర అంచుల్లోనూ నాకు అవే కనిపిస్తాయి.

ముందు టూరింగ్ టాకీసు వచ్చింది. అయినా మేళం ఆగలేదు. తరువాత పంచాయతీ ఆఫీసుకు టీవీ వచ్చింది. 1987లో ఆదివారం పొద్దున రామాయణం మొదలయ్యాక ఊరంతా అక్కడే. హిందీ ఒక్క ముక్క అర్థం కాకపోయినా జేజి కూడా పోయి టీవీకి కొబ్బరికాయ కొట్టింది. ఆ ఏడు బండి వచ్చింది. రెండు రాత్రులు అనుకున్నది ఒక రాత్రికే సరిపెట్టారు. తరువాత కొన్నేళ్ళు శివరాత్రికి మాత్రం వచ్చేవాళ్ళు. ఆ తరువాత గంటల చప్పుడు వినిపించలేదు. మేళం పెద్దాయన కొడుకు ధర్మవరంలో మగ్గం పనికి కుదిరాడని విన్నాం. ఎవరినీ తప్పు పట్టలేం. కరువు ఊరు ఒక మేళాన్ని ఎన్నాళ్ళు పోషిస్తుంది? ఆకలి తీరని కళను పిల్లలకు ఎవరు నేర్పిస్తారు?

తోలు మీది బొమ్మ మాత్రం బతికింది. ల్యాంప్‌షేడ్‌గా, గోడకు వేలాడే పటంగా, తలుపు తోరణంగా నగరాలకు పోయింది. ఆ కుటుంబాల పొయ్యి వెలిగిస్తున్నది అదే. అందుకు ఆ లైట్లు కొన్న ప్రతి ఒక్కరికీ నేను రుణపడి ఉంటాను. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిన రోజు మా ఊరి వాట్సాప్ గ్రూపులో పండగ జరిగింది. కళ్ళు చెమర్చని వాళ్ళు లేరు.

నా బాధ పాట గురించి. బొమ్మను కొని ఇంటికి తీసుకుపోవచ్చు. ద్విపదను తీసుకుపోవాలంటే ఒకరు పాడాలి, ఇంకొకరు రాత్రంతా కూర్చుని వినాలి. ఈ రెండూ తగ్గిపోయాయి. ఉలి పట్టుకున్న కుర్రవాళ్ళు చాలామంది ఉన్నారు, చక్కగా గీస్తున్నారు. యుద్ధకాండ మొత్తం గొంతెత్తి పాడగలిగేవాళ్ళు ముసలివాళ్ళయిపోయారు. పండగల్లో, ప్రభుత్వ కార్యక్రమాల్లో ఆటకు అరగంట, గంట ఇస్తున్నారు. ఆ గంటలో లంక తగలబడుతుంది. సీతమ్మ ఏడవడానికి టైము ఉండదు. మా తెలుగు సార్ రాసుకున్న నోటుబుక్కు ఆయన పిల్లల దగ్గర ఇంకా ఉంది. అడిగి తీసుకుని పేజీపేజీ ఫోటోలు తీసుకున్నాను, టైపు చేస్తున్నాను. కానీ కాగితం మీద గజ్జె మోగదు. ఆ గొంతులను రికార్డు చేసుకోవాలి. అంతకంటే ముఖ్యంగా, వాళ్ళ చేత పాడించుకునే రాత్రులు మళ్ళీ పెట్టుకోవాలి.

ఈ ఉగాదికి ఊరికి పోయినప్పుడు ఆ మాటే ఎత్తాను. బెంగుళూరులో పనిచేసే మా ఊరి కుర్రవాళ్ళు డబ్బు వేసుకుంటామన్నారు. వచ్చే ఏడు శ్రీరామనవమికి గుడి ముందు రెండు గంటలు ఆట, తరువాత అన్నదానం అని ప్లాను వేశారు. మా చిన్నాయన మంచం మీద నుంచే అడ్డం పడ్డాడు.

"రెండు గంటల్లో రాముడు అడివికన్నా పోతాడాప్పా? ఆడిస్తే తెల్లవార్లూ ఆడించాల. నిద్రొచ్చినోడు పడుకుంటాడు, మల్లా లేస్తాడు. మేమట్లనే చూస్తిమి."

ఎవరూ ఎదురు చెప్పలేదు. మేళం పెద్దాయన మనవడి నంబరు సంపాదించి ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. తెల్లవార్లూ ఆడాలి, మైకులో రికార్డు పెట్టకూడదు, ఆడవాళ్ళు కూడా వచ్చి పాడాలి అని చెప్పాను. అతను కాసేపు ఎవరితోనో మరాఠీలో మాట్లాడి మళ్ళీ లైన్లోకి వచ్చాడు.

"మా అవ్వకు అంగద రాయబారం కాడి నుంచి పట్టాభిషేకం దాకా నోటికుందమ్మా. బండి పంపిస్తే తోడుకోనొస్తా. మద్దెలకు మాత్రం మీరే ఎవరినన్నా చూడాల, మా మామ చెయ్యి ఇప్పుడు లెయ్యడం లేదు" అన్నాడు.

చెక్కభజన చేసే కుర్రవాళ్ళలో ఒకడు మద్దెల నేర్చుకుంటానని ముందుకొచ్చాడు. వచ్చే వారం నుంచి నిమ్మలకుంటకు పోతున్నాడు.